సూచక క్రియ

తెలుగు చర్చిల్లో సాక్ష్యం చెప్పడం అని ఒకటుంది. ఆదివారం ఆరాధన మధ్యలో ఎవరో ఒకరు లేచి, కొంగు తల మీదికి లాక్కుని, మైకు అందుకుంటారు. ఊరు ఏదైనా, సంఘం ఏదైనా ఆ కథకి ఒక నడక ఉంటుంది. ముందు జబ్బు. తర్వాత ఆస్పత్రులు, అప్పులు. "డాక్టర్లు చేతులెత్తేశారు" అన్న వాక్యం దాదాపు తప్పదు. ఆ తర్వాత ఎవరో వచ్చి ప్రార్థన చేస్తారు, ఒక రాత్రి గడుస్తుంది, తెల్లారేసరికి మార్పు కనిపిస్తుంది. "అందుకని నేను యేసయ్యని నమ్ముకున్నాను, దేవునికే మహిమ" అని ముగిస్తారు. కింద కూర్చున్నవాళ్ళు ఆమెన్ అంటారు.

కథలు చదివే అలవాటున్నవాడిగా ఇందులో నా దృష్టి ఆగేది ఆ రాత్రి దగ్గర కాదు, ఆ 'అందుకని' దగ్గర. జబ్బు తగ్గడం ఒక సంఘటన. ఒకరిని దేవుడని నమ్మి, జీవితాంతం అక్కడే ఉండిపోవడం పూర్తిగా వేరే సంఘటన. మొదటిదాన్నుంచి రెండోదానికి మనిషి ఎలా చేరతాడు? తగ్గింది కాబట్టి కృతజ్ఞత కలగొచ్చు. తగ్గించినవాడికి ఏదైనా సమర్పించుకోవచ్చు. మళ్ళీ అవసరం వస్తే మళ్ళీ వెళ్ళొచ్చు. ఇవేవీ ఇంకా విశ్వాసం కాదు. ఆ ఒక్క మాట మోస్తున్న బరువు చాలా ఎక్కువ. అద్భుతాలు మనుషుల్ని క్రైస్తవ విశ్వాసం వైపు నడిపిస్తాయా అన్న ప్రశ్నకి జవాబు కూడా ఆ మాటలోనే వెతకాలనిపిస్తుంది.

ఇంజినీరింగ్ చదివిన మాలాంటి వాళ్ళం మామూలుగా ఈ చర్చని ఇంకోచోట మొదలుపెడతాం. అసలు జరిగిందా, లేదా? ఆ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో అచ్చయిన తన పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం అద్భుతాలకి కేటాయించాడు. ఆయన వాదన క్లుప్తంగా ఇదీ: ప్రకృతి నియమం వెనక మనుషులందరి అనుభవం ఉంది, అద్భుతం వెనక కొందరి మాట మాత్రమే ఉంది. ఆ కొందరూ పొరబడ్డారనో, మోసపోయారనో అనుకోవడమే ఎప్పుడూ తేలిక.

దీనికి లెక్కల్లో జవాబు చెప్పినవాడు రిచర్డ్ ప్రైస్. థామస్ బేయస్ చనిపోయాక ఆయన కాగితాల్లో దొరికిన సంభావ్యత వ్యాసాన్ని 1763లో వెలుగులోకి తెచ్చింది ఈయనే. ఇవాళ స్పామ్ మెయిల్ పట్టుకోడానికి వాడే పద్ధతుల్లో కొన్నిటికి మూలం అక్కడుంది. ప్రైస్ 1767లో హ్యూమ్‌కి ఇలా అడ్డం తిరిగాడు: లాటరీలో ఫలానా నంబరుకి బహుమతి వచ్చిందని పేపర్లో చదివితే నమ్ముతాం కదా, ఆ నంబరే రావడమన్నది ఎంత అరుదైన విషయమైనా? అరుదుగా జరుగుతుందన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని కొట్టిపారెయ్యలేం.

నాకు ఇంకా ఇష్టమైన జవాబు చార్లెస్ బాబేజ్‌ది. కంప్యూటర్‌కి ముత్తాతగా మేం క్లాసులో ఫోటో చూసిన ఆయనే. 1837లో ఆయన అద్భుతాల మీద కూడా రాశాడు. ఒక లెక్కల యంత్రం ఒకటి, రెండు, మూడు అంటూ వరసగా అంకెలు చూపిస్తూ పోతోందనుకోండి. 10 కోట్ల 1 దాకా ఒక్కొక్కటే పెరిగింది. తర్వాతి అంకె ఒక్కసారిగా 10,001 ముందుకి గెంతింది. చూసేవాడికి నియమం తప్పినట్టే. కానీ ఆ గెంతు కూడా యంత్రాన్ని తయారుచేసినవాడు ముందే అమర్చిందే. మనకి తెలిసిన నియమం అసలు నియమంలో ఒక ముక్క మాత్రమే కావొచ్చు. తను కట్టిన యంత్ర భాగం మీద ఇలాంటి గెంతుల్నే బాబేజ్ ఇంటికొచ్చిన అతిథులకి చేసి చూపించేవాడు కూడా.

ఈ వాదనలు చదువుతుంటే బాగుంటుంది. కానీ ఒకటి గమనించండి. బాబేజ్ అతిథులు ఆ అంకె గెంతడం చూసి ఆశ్చర్యపోయి ఉంటారు, ఆ తర్వాత కోటు తగిలించుకుని ఇంటికెళ్ళి ఉంటారు. ఆ గెంతు ఎవరి బతుకునీ ఏమీ అడగలేదు. అద్భుతం జరగడానికి వీలుంది అని నిరూపిస్తే తలుపు గడియ తీసినట్టు, అంతే. ఎవరూ ఇంకా లోపలికి రాలేదు. జరిగిందని కళ్ళారా చూసినా పరిస్థితి పెద్దగా మారదు. దానికి అలెక్సిస్ కారెల్ ఉదాహరణ.

కారెల్ ఫ్రాన్స్‌లోని లియాన్ నగరపు డాక్టరు. చిన్నప్పుడు కేథలిక్‌గా పెరిగి, పెద్దయ్యాక ఆ నమ్మకం వదిలేసినవాడు. 1902లో రోగుల్ని లూర్దుకి తీసుకెళ్ళే రైల్లో వైద్యుడిగా వెళ్ళాడు. లూర్దు అంటే 1858లో బెర్నదెత్ అనే అమ్మాయికి మరియమ్మ కనిపించిందని కేథలిక్కులు నమ్మే ఊరు. ఆ రైల్లో మారీ బాయీ అనే యువతి ఉంది. క్షయ పొట్టలోకి పాకి, చావుకి దగ్గర్లో ఉంది. లూర్దు నీళ్ళు ఆమె పొట్ట మీద పోశాక ఉబ్బిన పొట్ట కొద్దిసేపట్లోనే తగ్గడం కారెల్ పక్కనే ఉండి చూశాడు, నోట్సు రాసుకున్నాడు. చూసింది చూసినట్టు చెప్పినందుకు తోటి డాక్టర్లు ఆయన్ని తేలిగ్గా నమ్మేసేవాడన్నారు. అద్భుతమని తేల్చి చెప్పనందుకు భక్తులూ కోప్పడ్డారు. ఆయన దేశం వదిలి అమెరికా వెళ్ళి, రక్తనాళాలు కుట్టే పద్ధతికీ అవయవాల మార్పిడి పరిశోధనకీ 1912లో నోబెల్ అందుకున్నాడు. విశ్వాసానికి తిరిగొచ్చింది మాత్రం చివరి ఏళ్ళలో, 1944లో చనిపోవడానికి కొద్దికాలం ముందు. అంటే ఆ పొట్ట తగ్గడానికీ ఆయన నమ్మడానికీ మధ్య దాదాపు నలభై ఏళ్ళు. మారీ బాయీ ఆ తర్వాత కొద్దికాలానికే సన్యాసినిగా చేరి, రోగుల సేవలో ఉండిపోయింది. ఒకే మధ్యాహ్నం, ఒకే చోటు. ఆమెకి 'అందుకని' వెంటనే దొరికింది. ఆయనకి జీవితం పట్టింది.

లూర్దుకి మన దగ్గర ఒక చెల్లెలుంది. విజయవాడ గుణదల మేరీమాత. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా ఉత్సవాలు. లక్షల్లో జనం కొండెక్కుతారు, తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. అందులో హిందువులు తక్కువేం కాదు. పిల్లలు పుట్టాలని మొక్కుకున్నవాళ్ళు, పుట్టాక మొక్కు తీర్చుకోడానికి వచ్చినవాళ్ళు. తీర్చుకుని ఇంటికెళ్ళి, శనివారం వెంకన్నకి దీపం పెట్టుకుంటారు. వాళ్ళలో ఏ వైరుధ్యమూ లేదు. కోరిక తీర్చిన తల్లికి బాకీ తీర్చారు. తెలుగువాళ్ళకి మహిమ చూపే దేవుళ్ళ కొరత ఎప్పుడూ లేదు. పీరు దగ్గరికీ వెళ్తాం, పోలేరమ్మ దగ్గరికీ వెళ్తాం. కాబట్టి అద్భుతం జరిగితే చాలు, జనం క్రైస్తవులైపోతారన్న ఆశ పాస్టర్లకుంటే, ఆ భయం వాళ్ళని వ్యతిరేకించేవాళ్ళకుంటే, ఇద్దరూ ఒకసారి గుణదల వచ్చి చూడాలి.

మరి క్రైస్తవ గ్రంథమే అద్భుతం గురించి ఏం చెప్తోంది? నాలుగు సువార్తల్లో యోహాను రాసినదానిది ఒక ప్రత్యేకత. ఆయన అద్భుతాలకి వాడే గ్రీకు మాట 'సేమెయోన్'. గుర్తు, సంకేతం అని అర్థం. మన తెలుగు బైబిలు దాన్ని 'సూచక క్రియ' అంది. ఆ అనువాదకులకి దండం పెట్టాలి. అద్భుతం అన్నప్పుడు మన కళ్ళు ఆ పని మీదే ఆగిపోతాయి. సూచక క్రియ అనగానే, దేన్ని సూచిస్తోంది అని అడగాలి. మా భాషలో చెప్పాలంటే పాయింటర్‌లో ఉండేది విలువ కాదు, విలువ ఉన్నచోటి చిరునామా. ఆ చిరునామానే విలువ అనుకుని వాడితే ప్రోగ్రాం ఎటుపోతుందో సి నేర్చుకున్నవాళ్ళకి తెలుసు.

యోహాను ఈ తేడాని మళ్ళీ మళ్ళీ పట్టుకుంటాడు. అయిదో అధ్యాయంలో బేతెస్ద కోనేటి పక్కన 38 ఏళ్ళుగా జబ్బుతో పడున్న మనిషి ఉన్నాడు. యేసు లేపి నడిపించాడు. తనని బాగుచేసిందెవరో కూడా ఆ మనిషికి తెలీదు. తర్వాత తెలిసింది. తెలిశాక ఏం చేశాడు? వెళ్ళి అధికారులకి చెప్పాడు. విశ్వాసం ఊసే లేదు. ఆరో అధ్యాయంలో అయిదువేల మంది రొట్టెలు తిన్నారు. మర్నాడు సరస్సు దాటి వెతుక్కుంటూ వచ్చారు. యేసు వాళ్ళని మెచ్చుకోలేదు. మీరొచ్చింది సూచన అర్థమయ్యి కాదు, కడుపు నిండి అన్నట్టు మాట్లాడాడు. ఆ అధ్యాయం ముగిసేసరికి చాలామంది శిష్యులే ఆయన్ని వదిలి వెళ్ళిపోయారు. ఒక మత ప్రచార గ్రంథం తన అతిపెద్ద అద్భుతానికి ఇలాంటి ముగింపు రాసుకోవడం చిన్న విషయం కాదు.

'అందుకని' ఎలా ఏర్పడుతుందో చూపించేది తొమ్మిదో అధ్యాయం. పుట్టుగుడ్డి ఒకడు. యేసు అతని కళ్ళకి బురద పూసి, సిలోయము కోనేటికి వెళ్ళి కడుక్కోమన్నాడు. కడుక్కున్నాడు, చూపొచ్చింది. కానీ అక్కడ యేసు లేడు. అంటే చూపిచ్చినవాణ్ణి తప్ప అందర్నీ చూస్తున్నాడన్నమాట. ఇరుగుపొరుగు అడిగితే, యేసు అనే మనిషెవరో చేశాడన్నాడు. పరిసయ్యులు అడిగితే, ప్రవక్త అన్నాడు. ఇంకా గట్టిగా నిలదీస్తే, దేవుడి దగ్గర్నుంచి రాకపోతే ఇలా చెయ్యలేడు కదా అని తిరిగి వాళ్ళనే ప్రశ్నించాడు. సమాజమందిరం నుంచి వెలేశారు. అప్పుడు యేసు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. అప్పుడు నమ్మాడు. చూపు ఒక్క కడుగుకి వచ్చింది. విశ్వాసం రావడానికి ఒక్కో విచారణా, ఒక్కో జవాబూ, చివరికి వెలి కావలసి వచ్చాయి. అద్భుతం అతనికి ఒక జవాబు ఇవ్వలేదు, ఒక ప్రశ్న ఇచ్చింది. ఎవరతను? ఆ ప్రశ్నని అతను వదల్లేదు.

రొట్టెకీ సూచనకీ మధ్య ఉన్న ఈ తేడా తెలుగు నేల మీద ఒకసారి పెద్ద ఎత్తున పరీక్షకి వచ్చింది. 1876-78 కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని చూపించాడు. పని చేసినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఏడాదికి పైగా వాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారేమోనని ఆయన అనుమానం. కరువు సాయం పంచడం అయిపోయాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని తెలిశాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ.

ఆ రోజుని చర్చి చరిత్రలు అద్భుతంగా చెప్తాయి. నాకు ఆ సంఖ్య కంటే అంతకుముందు జరిగిన నిరాకరణ ఎక్కువ చెప్తుంది. అన్నం పెట్టిన చేతికీ నమ్మకానికీ మధ్య క్లౌ కావాలనే ఒక ఖాళీ ఉంచాడు. ఆ ఖాళీని దాటి వచ్చినవాళ్ళే వచ్చారు. ఆ ప్రాంతంలో ఈ ఉద్యమానికి తొలి మనిషి అయిన ఎర్రగుంట్ల పేరయ్య కథలోనూ రోగం తగ్గడం లేదు. తోళ్ళ వ్యాపారం చేసుకునే ఆయన రాజయోగ గురువుల దగ్గర ఏళ్ళ తరబడి వెతికి, ఆ వెతుకులాట కొనసాగింపుగా అటు వెళ్ళాడు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు అనేవి ఆ కొత్త సంఘం నియమాలు. వెట్టి చేసే పల్లెలో ఆదివారం పనికి రానంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. రొట్టె కోసం వచ్చినవాడు అంత ధర పెట్టి ఉండిపోడు.

ధర ఇవాళ కూడా ఉంది. రూపం మారింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఇప్పటికీ ఆ హోదా లేదు, ఆంధ్రలో అయితే బీసీ-సి కిందికి వస్తాడు. అందుకే చాలా ఇళ్ళలో ఆదివారం ఒకటి, తహసీల్దారు ఆఫీసులో ఒకటి. దీన్ని వెటకారం చేసేవాళ్ళకి నేను యోహాను తొమ్మిదో అధ్యాయంలో ఇంకో చిన్న భాగం గుర్తుచేస్తాను. అధికారులు ఆ గుడ్డివాడి తల్లిదండ్రుల్ని పిలిచి అడిగారు. మావాడే, గుడ్డిగానే పుట్టాడు, చూపెలా వచ్చిందో మాకు తెలీదు, పెద్దవాడయ్యాడుగా వాణ్ణే అడగండి అని తప్పుకున్నారు. నిజం చెప్తే వెలేస్తారని భయం. సువార్త వాళ్ళని తిట్టలేదు. భయం ఎందుకో చెప్పి ఊరుకుంది.

ఇదంతా నాకు పుస్తకాల సంగతిగానే ఉండిపోయేదేమో, మా పెద్దమ్మ లేకపోతే.

పెద్దమ్మ వాళ్ళది పల్నాడులో ఒక ఊరు. మా అమ్మ వైపు వాళ్ళందరికీ ఇలవేల్పు వెంకటేశ్వరస్వామి. తొంభైల చివర్లో పెద్దమ్మ చిన్నకొడుక్కి ఆరేళ్ళప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. ఎక్కువగా రాత్రిపూట, నిద్రలో. గుంటూరు తిప్పారు, మందులు వాడారు, తాయెత్తులు కట్టించారు. గాలి సోకిందన్న భయంతో చుట్టుపక్కల పిల్లల్ని ఆ ఇంటికి పంపడం మానేశారు. అప్పుడు కాలనీలో ఉండే పాస్టరమ్మ వచ్చింది. పొలం పని చేసుకుని, ఇంట్లో వండి పెట్టి, రాత్రి పదింటికి వచ్చి పిల్లాడి మంచం పక్కన కింద కూర్చుని ప్రార్థన చేసేది. కాలనీ మనిషి ఆ వీధిలో గడప దాటి లోపలి గదిలో కూర్చోవడం అదే మొదలట. కొన్ని నెలలకి ఫిట్స్ ఆగాయి. మళ్ళీ రాలేదు. మా తమ్ముడికి ఇప్పుడు ముప్ఫై దాటాయి.

చిన్నపిల్లల్లో నిద్రలో వచ్చే కొన్ని రకాల మూర్ఛలు వయసు పెరిగేకొద్దీ వాటంతటవే పోతాయని ఏ పిల్లల డాక్టరైనా చెప్తాడు. పైగా మందులూ వాడారు. పెద్దమ్మకి ఈ సంగతి తెలీక కాదు, మా తమ్ముడే ఆమెకి చెప్పాడు. "అయితే అదీ ఆయన పెట్టిందే" అని ఊరుకుంది. బాబేజ్‌ని చదవకుండానే.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. కొన్నేళ్ళకి పెద్దనాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. ఏడాదిన్నర డయాలసిస్. అదే పాస్టరమ్మ, అదే ప్రార్థన, సంఘమంతా ఉపవాసాలు. పెద్దనాన్న పోయాడు. తగ్గినందుకు వచ్చిన నమ్మకమే అయితే, తగ్గనప్పుడు పోవాలి. లెక్క అదే చెప్తుంది. మా బంధువులు కూడా అలాగే అనుకున్నారు, ఇక పూజగది మళ్ళీ తెరుస్తుందని. పెద్దమ్మ తర్వాతి ఆదివారమూ చర్చికెళ్ళింది. జనవరి ఒకటో తేదీన ఇచ్చిన వాగ్దానం కార్డు గోడ మీద అలాగే ఉంది.

ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు సూటిగానే అడిగాను. చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా చెప్పింది. "వాడికి తగ్గిందనే పోయాన్రా మొదట, అబద్ధమెందుకు. తగ్గకపోయినా ఆమె వచ్చేదేనని మీ పెదనాన్నప్పుడు తెలిసింది. అట్టా రావడం ఆమెకి ఎవరు నేర్పారో, ఆయన్ని నమ్ముకున్నా."

నేను అద్భుతాల మీద చదివిన వాదనల్లో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు. మొదటిసారి పాస్టరమ్మ రాక, ఫిట్స్ ఆగడం రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఏది దేన్ని చూపిస్తోందో విడదీసి చూడలేం. రెండోసారి ఫలితం పక్కకి పోయింది, రాక మిగిలింది. పెద్దనాన్న బట్టలుతికింది ఆమే, దినం అయిపోయి బంధువులు వెళ్ళాక నెలరోజులు రాత్రిళ్ళు పెద్దమ్మకి తోడు పడుకుంది ఆమే. మొదటి అద్భుతం దేన్ని సూచించిందో, రెండోది జరగకపోవడం వల్ల తెలిసింది. ఆ 'అందుకని' పెద్దమ్మకి ఒక్క రాత్రిలో రాలేదు. మధ్యలో ఒక చావు ఉంది.

ఇలా కాకుండా, అద్భుతమే సరుకైనప్పుడు ఏం జరుగుతుందో కూడా ఆ రోజుల్లోనే పెద్దమ్మ చూసింది. పెద్దనాన్న పోయిన కొత్తలో, ఎక్కడో స్వస్థత సభలో ఒకాయన ఆమెతో, విశ్వాసం చాలలేదమ్మా అన్నాడు. భర్త పోయిన మనిషితో. ఆ తర్కం ఎంత భద్రమైందో చూడండి. తగ్గితే ఘనత సభ పెట్టినవాళ్ళది, తగ్గకపోతే తప్పు రోగిది. ఊరి మొదట్లో కట్టే ఫ్లెక్సీల్లో గుడ్డివాళ్ళు చూస్తారు, కుంటివాళ్ళు నడుస్తారు అని రాస్తారు. ఆ మాట నమ్మి ఇన్సులిన్ ఆపేసిన మనిషికి ఏమవుతుందో ఫ్లెక్సీ చెప్పదు. పుట్టుగుడ్డిని చూపించి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, ఇతని తల్లిదండ్రులదీ కాదని యేసు కొట్టిపారేశాడు. పౌలు తన ఒంట్లోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. పౌలుకి విశ్వాసం చాలలేదని ఆ సభలో ఎవరూ అనరు కదా.

అద్భుతాలు అబద్ధమనో, అనవసరమనో నేను అనడం లేదు. పాస్టరమ్మ ఆ రాత్రి రాకపోతే, పిల్లాడికి తగ్గకపోతే, పెద్దమ్మ ఆ చర్చి గడప తొక్కేది కాదు. తనే చెప్పింది. దారి తెలియనివాడికి బోర్డు కావాలి. ఎండలో నిలబడ్డవాడికి బోర్డు నీడ కూడా కొంత ఉపయోగమే. కానీ ఊరు అక్కడ లేదు. క్రైస్తవం విషయంలో ఈ మాట మరీ నిజం, ఎందుకంటే ఆ మతం గుండెకాయ దగ్గర ఉన్నది అడిగితే జరగని అద్భుతం. సిలువ మీదున్నవాణ్ణి చూసి, దిగిరా, చూసి నమ్ముతాం అన్నారు. దిగలేదు. మార్కు సువార్తలో ఆయన్ని దేవుడి కుమారుడని మొదటిసారి ఒప్పుకున్న మనిషి, సిలువ ముందు నిలబడ్డ రోమన్ శతాధిపతి. ఒప్పుకున్నది ఆయన ఎలా చనిపోయాడో చూసి. మూడోరోజు సంగతి అప్పటికింకా ఎవరికీ తెలీదు.

యోహాను సువార్తలో నాకు చాలా దగ్గరగా అనిపించే మనిషి నీకొదేము. చదువుకున్నవాడు, పెద్దమనిషి, జాగ్రత్తపరుడు. సూచక క్రియలు చూసి, ఈయనెవరో తేల్చుకుందామని వచ్చాడు, అదీ రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా. యేసు ఆ సూచనల మాట ఎత్తనేలేదు, మళ్ళీ పుట్టాలి అంటూ ఇంకేదో మాట్లాడాడు. నీకొదేముకి అర్థమైనట్టు లేదు. నమ్మాడో లేదో యోహాను చెప్పడు. మధ్యలో ఒకసారి సభలో, మనిషి మాట వినకుండా తీర్పు చెప్పొచ్చా అని ఒక మాట అడ్డం వేసి, కసురుకుంటే ఊరుకున్నాడు. ఆఖరున మళ్ళీ కనిపిస్తాడు. యేసు చనిపోయాడు, శిష్యుల్లో చాలామంది కనపడటం లేదు. ఇక చూడ్డానికి ఏ సూచనా లేదు, జరుగుతుందన్న ఆశా లేదు. అప్పుడు ఆ పెద్దమనిషి బోళమూ అగరూ మోయలేనంత బరువు తీసుకుని, శవానికి పూయడానికి వచ్చాడు.